మాతృసంస్థ అప్పు, బ్యాంకు మూలధనం

2023 మార్చి 10, శుక్రవారం. కాలిఫోర్నియాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకును అధికారులు మూసేశారు. ముందురోజు ఒక్కరోజే డిపాజిటర్లు 4,200 కోట్ల డాలర్లు లాగేసుకున్నారు. వారం తిరిగేసరికి, మార్చి 17న, ఆ బ్యాంకుకు యజమాని అయిన ఎస్‌వీబీ ఫైనాన్షియల్ గ్రూప్ అనే హోల్డింగ్ కంపెనీ న్యూయార్క్ కోర్టులో దివాలా పిటిషన్ వేసింది. బ్యాంకేమో డిపాజిట్ బీమా సంస్థ ఎఫ్‌డీఐసీ చేతికి వెళ్లింది, కంపెనీ దివాలా కోర్టుకు వెళ్లింది. ఒకే పేరు, ఒకే యాజమాన్యం, చివరికి రెండు వేర్వేరు దారులు. వాటి మధ్య పెద్ద తగాదా కూడా వచ్చింది. హోల్డింగ్ కంపెనీకి తన సొంత బ్యాంకులోనే 193 కోట్ల డాలర్ల డిపాజిట్ ఉంది. అది మా డబ్బు, మా బాండ్లు కొన్నవాళ్లకు చెందాలి అని కంపెనీ అంది. బ్యాంకు మునిగి మాకు తెచ్చిన నష్టానికి మీరు కూడా బాధ్యులే అని ఎఫ్‌డీఐసీ ఆ డబ్బు అట్టేపెట్టుకుంది. ఇద్దరూ కోర్టుకెక్కారు.

మనం బ్యాంకు అని ఒకే మాటతో పిలిచేది చట్టం దృష్టిలో చాలాచోట్ల రెండు సంస్థలు. డిపాజిట్లు తీసుకుని అప్పులిచ్చే బ్యాంకు కింద ఉంటుంది. దాని షేర్లు చేతిలో పెట్టుకున్న కంపెనీ పైన ఉంటుంది. అమెరికాలో స్టాక్ మార్కెట్లో జనం కొనేది సాధారణంగా పై కంపెనీ షేరే, డబ్బు దాచుకునేది మాత్రం కింది బ్యాంకులో. మూలధన నిబంధనల మీద చర్చ వచ్చినప్పుడల్లా మాట ‘ఎంత శాతం ఉండాలి’ దగ్గరే తిరుగుతుంది. అది అవసరమైన ప్రశ్నే. కానీ దానికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది: ఆ మూలధనం ఏ సంస్థలో ఉంది, అది నిజంగా వాటాదారుల సొమ్మా, లేక పైవాడు ఎక్కడో చేసిన అప్పా? గత నలభై ఏళ్లలో అమెరికా రాసుకున్న నిబంధనల్లో సగం ఈ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నాలే. స్విట్జర్లాండ్ ఇప్పుడు వెతుకుతోంది. మన దగ్గర కూడా ఇది ఉంది, ఇంకో రూపంలో.

ముందు ఒక అపోహ తీర్చుకోవాలి. మూలధనం అంటే కష్టకాలానికి బ్యాంకు పక్కన పెట్టిన నగదు అని చాలామంది అనుకుంటారు, పత్రికల్లో కూడా అలాగే రాస్తుంటారు. రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచే నగదు నిల్వ, సీఆర్‌ఆర్, అలాంటిది. మూలధనం అది కాదు. బ్యాంకు 100 రూపాయలు అప్పులిచ్చిందనుకోండి. అందులో 92 డిపాజిటర్లవి, 8 వాటాదారులవి. ఆ 8 కూడా ఎక్కడా దాచిపెట్టి లేదు, అప్పుల్లోకే వెళ్లింది. తేడా ఎక్కడంటే నష్టం వచ్చినప్పుడు. 5 రూపాయల అప్పులు మునిగితే వాటాదారులకు 3 మిగులుతుంది, డిపాజిటర్‌కు ఏమీ కాదు. 10 మునిగితే వాటాదారుల 8 పోయి, మిగతా 2 డిపాజిటర్ల మీదో, బీమా సంస్థ మీదో, ప్రభుత్వం మీదో పడుతుంది. అంటే నష్టాన్ని మొదట మోసేవాళ్లు ఎవరు, ఎంతవరకు మోస్తారు అన్న ఒప్పందానికే మూలధనమని పేరు. అందుకే నష్టం బ్యాంకులో వచ్చి, మోసే స్తోమత ఇంకో కంపెనీలో ఉంటే ఆ ఒప్పందానికి విలువ తగ్గిపోతుంది.

ఇప్పుడు పై కంపెనీని కలుపుదాం. అమెరికాలో ఒక చిన్న ఊరి బ్యాంకు ఓనరు పెద్దవాడై అమ్మేయాలనుకున్నాడు. ధర కోటి డాలర్లు. ఊళ్లో నలుగురు కలిసి ఒక హోల్డింగ్ కంపెనీ పెట్టారు. సొంతంగా 40 లక్షలు వేసుకున్నారు, మిగతా 60 లక్షలు కంపెనీ పేరు మీద పట్నంలోని పెద్ద బ్యాంకు దగ్గర అప్పు తెచ్చారు. బ్యాంకును కొన్నారు. ఇప్పుడు బ్యాంకు పుస్తకం తెరిస్తే మూలధనం కోటి డాలర్లు. రెండింటినీ కలిపి గ్రూపు లెక్క వేస్తే 40 లక్షలే. దీన్ని ఆ రంగంలో డబుల్ లెవరేజ్ అంటారు. బ్యాంకు ఇప్పటికే డిపాజిటర్ల డబ్బు మీద నడుస్తోంది, దాని మూలధనం కూడా అప్పు మీదే నిలబడింది.

డిపాజిటర్ వైపు నుంచి చూస్తే బ్యాంకులో ఉన్న ఆ కోటి నిజమైనదే, ఇందులో ఇబ్బందేముంది అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది. బ్యాంకు మునిగితే ఆ కోటీ ముందు పోతుంది, పై కంపెనీకి అప్పిచ్చిన పెద్ద బ్యాంకు నష్టపోతుంది గానీ ఊళ్లో డిపాజిటర్ కాదు. కానీ నాకు ఆ వాదన సగమే సబబుగా కనిపిస్తుంది. 60 లక్షల అప్పుకు వడ్డీ ఎక్కడినుంచి వస్తుంది? హోల్డింగ్ కంపెనీకి వేరే వ్యాపారం లేదు, బ్యాంకు ఇచ్చే డివిడెండే దాని ఆదాయం. కాబట్టి బ్యాంకు లాభాలు నిల్వ చేసుకుని బలపడాల్సిన సంవత్సరాల్లో కూడా పైకి డివిడెండ్ పంపుతూనే ఉండాలి. అది చాలదన్నప్పుడు ఎక్కువ వడ్డీ వచ్చే, ఎక్కువ ప్రమాదం ఉన్న అప్పుల వైపు చూడాలనిపిస్తుంది. చెడ్డకాలం వచ్చి అధికారులు డివిడెండ్ ఆపిస్తే పై కంపెనీ వాయిదా తప్పుతుంది. సరిగ్గా బ్యాంకుకు కొత్త మూలధనం కావాల్సిన రోజున యజమాని చేతులు ఖాళీ. మూలధనం మొదటిరోజు ఎంతుందన్నది ఒక ప్రశ్న, రెండోసారి తేగలిగే దిక్కుందా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి డబుల్ లెవరేజ్ జవాబు లేకుండా చేస్తుంది.

అమెరికా చట్టం ఈ రెండు అంతస్తుల మధ్య డబ్బు కదలికకు చాలాకాలం నుంచే గేట్లు పెట్టింది. జాతీయ బ్యాంకు ఒక ఏడాదిలో ఇచ్చే డివిడెండ్ ఆ ఏడాది లాభానికి, అంతకుముందు రెండేళ్లలో నిలవచేసిన లాభాన్ని కలిపినదాన్ని మించితే అనుమతి తీసుకోవాలి. బ్యాంకు తన గ్రూపులోని ఒక్కో కంపెనీకి తన మూలధనంలో 10 శాతానికి మించి, అన్నింటికీ కలిపి 20 శాతానికి మించి అప్పు ఇవ్వకూడదు, ఇచ్చినా తగిన తాకట్టు ఉండాలి. ఇవన్నీ డబ్బు పైకి పోకుండా ఆపేవి. పైనుంచి కిందికి రప్పించే నిబంధన తేవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

హోల్డింగ్ కంపెనీలను కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) కిందికి తెచ్చిన చట్టం 1956లో వచ్చింది. ఒకే బ్యాంకు ఉన్న కంపెనీలను 1970 సవరణ దాని పరిధిలోకి తెచ్చింది. అప్పటికి మూలధనానికి అంకెల్లో కొలత లేదు. పరీక్షకు వచ్చిన అధికారి పుస్తకాలు చూసి, యాజమాన్యాన్ని చూసి, చాలు, చాలదు అని చెప్పేవాడు. 1981లో మొదటిసారి అంకెలు పెట్టారు, అవి కూడా అతిపెద్ద బ్యాంకులకు వర్తించకుండా. తర్వాత ఏడాది మెక్సికో అప్పు కట్టలేనని చెప్పడంతో మినహాయింపు పొందిన ఆ పెద్ద బ్యాంకులే అందరికన్నా పలచగా ఉన్నాయని తేలింది. 1983లో ఇంకో దెబ్బ. టెక్సాస్‌లోని బెల్లేర్ అనే చిన్న బ్యాంకును 7 శాతం మూలధనం పెట్టమని జాతీయ బ్యాంకుల నియంత్రణాధికారి ఆదేశిస్తే, ఆ ఆదేశానికి తగిన ఆధారం లేదని అప్పీలు కోర్టు కొట్టేసింది. మూలధనం ఇంత ఉండాలి అని చెప్పే అధికారం అధికారులకు ఉందని కాంగ్రెసు అదే ఏడాది స్పష్టంగా చట్టం చేయాల్సి వచ్చింది. 1985 నాటికి బ్యాంకులకూ హోల్డింగ్ కంపెనీలకూ ఒకే కొలత: ప్రాథమిక మూలధనం 5.5 శాతం, మొత్తం 6 శాతం. 1988లో బాసెల్ అంతర్జాతీయ ఒప్పందం వచ్చి, ఆస్తులకు ప్రమాదాన్ని బట్టి 0, 20, 50, 100 శాతం బరువులు వేసి, ఆ మొత్తం మీద 8 శాతం మూలధనం ఉండాలంది.

ఈ అంకెల కన్నా ఎక్కువ నేర్పినది 1984లో కాంటినెంటల్ ఇల్లినాయ్ కథ. షికాగోలోని ఆ పెద్ద బ్యాంకు కూలిపోతుంటే ప్రభుత్వం ఆదుకోవాలనుకుంది. బ్యాంకులోకి నేరుగా మూలధనం పోసి, హోల్డింగ్ కంపెనీ బాండ్లు కొన్నవాళ్లను నష్టానికి వదిలేయడం న్యాయం. కానీ హోల్డింగ్ కంపెనీ బాండ్ల ఒప్పంద పత్రాల్లోని షరతులు దానికి అడ్డుపడ్డాయి. చివరికి ఎఫ్‌డీఐసీ 100 కోట్ల డాలర్లు పై కంపెనీలోనే పెట్టి కిందికి దింపింది. ఫలితంగా డిపాజిటర్లతో పాటు హోల్డింగ్ కంపెనీకి అప్పిచ్చిన మదుపరులూ బయటపడ్డారు. వాళ్లు ఎక్కువ వడ్డీ కోసం ఎక్కువ ప్రమాదం తెలిసే తీసుకున్నవాళ్లు. బాండు పత్రంలో ఎక్కడో రాసుకున్న ఒక షరతు కారణంగా, నష్టం మోయాల్సినవాళ్లు తప్పించుకున్నారు.

అప్పుడే ఫెడ్ ఒక సూత్రాన్ని గట్టిగా పట్టుకుంది: హోల్డింగ్ కంపెనీ తన బ్యాంకుకు అండగా నిలవాలి, అవసరమైతే వనరులు దింపాలి. 1984లో నిబంధనల్లో రాసింది, 1987లో విధానంగా ప్రకటించింది. టెక్సాస్ చమురు పతనంలో ఎంకార్ప్ అనే గ్రూపు మీద దాన్ని ప్రయోగించింది. 1989లో ఆ గ్రూపులోని 20 బ్యాంకులను మూసేశారు. అలా ఆదేశించే అధికారం ఫెడ్‌కు లేదని 1990లో అప్పీలు కోర్టు చెప్పింది. 1991లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది, అయితే కేసు వినే అధికారం కింది కోర్టులకు ఆ దశలో లేదన్న కారణంతోనే. అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. 2010లో డాడ్-ఫ్రాంక్ చట్టంలో రాసేవరకు, అంటే పాతికేళ్లు, ఆ సూత్రం చట్టం అండ లేకుండానే నడిచింది. ఆ మధ్యలో కాంగ్రెసు వేరే దారులు వేసింది. 1989లో ఒకే గ్రూపులోని సోదర బ్యాంకుల చేత నష్టం కట్టించే అధికారం ఎఫ్‌డీఐసీకి ఇచ్చింది. 1991లో బ్యాంకులకు అయిదు తరగతులు పెట్టి, మూలధనం తగ్గేకొద్దీ ఆంక్షలు వాటంతటవే పడేలా చేసింది. ఆస్తుల్లో నికర సొంత మూలధనం 2 శాతానికి పడిపోతే 90 రోజుల్లో తాళం.

ఇక్కడ ఒక విషయం దగ్గరగా చూడాలి. ఆ అయిదు తరగతులు బ్యాంకుకే, హోల్డింగ్ కంపెనీకి కాదు. ఇప్పటికీ అమెరికా బ్యాంకు వార్షిక నివేదికలో రెండు వరుసలు కనిపిస్తాయి. బ్యాంకు ‘మంచి మూలధనం ఉన్నది’ అనిపించుకోవాలంటే ప్రమాద బరువులు వేసిన ఆస్తుల మీద సాధారణ ఈక్విటీ 6.5, టైర్-1 (మొదటి శ్రేణి మూలధనం) 8, మొత్తం 10 శాతం, మొత్తం ఆస్తుల మీద 5 శాతం ఉండాలి. 2013లో ఆమోదించిన బాసెల్-3 నిబంధనల ప్రకారం కనీసాలు 4.5, 6, 8. వాటిపైన 2.5 శాతం రక్షణ పొర. ఆ పొర తరిగితే డివిడెండ్లు, బోనసులు తగ్గించుకోవాలి. ఇవి బ్యాంకుకూ పెద్ద హోల్డింగ్ కంపెనీకీ విడివిడిగా వర్తిస్తాయి. ఈ రెండు వరుసల్లో అంకెల మధ్య తేడా ఎంతుందో చూస్తే పై అంతస్తులో ఎంత అప్పుందో కొంతవరకు తెలుస్తుంది. వార్షిక నివేదిక చదివేవాళ్లలో ఈ పోలిక చూసేవాళ్లు తక్కువ. ఎక్కువమంది చూడాలి.

ఒకే డబ్బును రెండుచోట్ల చూపించే తెలివితేటలకు పెద్ద గేటు తెరిచింది మాత్రం 1996 అక్టోబరులో ఫెడ్ తీసుకున్న నిర్ణయం. హోల్డింగ్ కంపెనీ ఒక ట్రస్టు పెడుతుంది. ట్రస్టు ప్రిఫరెన్స్ షేర్లు అమ్మి, ఆ డబ్బు కంపెనీకి దీర్ఘకాలిక అప్పుగా ఇస్తుంది. పన్నుల శాఖకు అది అప్పు, వడ్డీ మీద పన్ను తగ్గుతుంది. ఫెడ్‌కు అది టైర్-1 మూలధనం, అందులో 25 శాతం దాకా. కష్టం వస్తే అయిదేళ్ల వరకు వడ్డీ వాయిదా వేసుకోవచ్చు. చిన్న బ్యాంకులకు స్వయంగా మార్కెట్‌కు వెళ్లే స్తోమత లేదు గనుక అనేక కంపెనీల పత్రాలను మూటలుగా కట్టి అమ్మారు. వాటిని కొన్నవాళ్లలో ఇతర బ్యాంకులు కూడా ఉన్నాయి. 2008 తర్వాత ఆ కంపెనీలు వరుసగా వడ్డీలు వాయిదా వేశాయి. వడ్డీ బకాయి పడి ఉన్న కంపెనీలో కొత్తగా షేర్ మూలధనం ఎవరు పెడతారు? నష్టాన్ని మోయడానికని లెక్కలో చేర్చిన పత్రమే కొత్త మూలధనం రాకుండా అడ్డం నిలిచింది. డాడ్-ఫ్రాంక్ చట్టంలో సెనేటర్ సుసాన్ కాలిన్స్ పెట్టిన సవరణ దీన్ని సరిదిద్దింది: బ్యాంకుకు మూలధనం కాదన్నది హోల్డింగ్ కంపెనీకి కూడా మూలధనం కాదు, పై అంతస్తుకు కింది అంతస్తు కన్నా మెతక నియమం ఉండకూడదు. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో అత్యంత విలువైన వాక్యం అదే. అయితే 2009 చివరికి 1,500 కోట్ల డాలర్ల లోపు ఆస్తులున్న కంపెనీలకు పాత పత్రాలు అలాగే లెక్కించుకునే వీలిచ్చారు.

ఇంకా పెద్ద మినహాయింపు చిన్న హోల్డింగ్ కంపెనీలది. పైన చెప్పిన ఊరి బ్యాంకు ఉదాహరణ ఊహ కాదు, 1980లో ఫెడ్ ప్రకటించిన విధానం దాన్ని అనుమతిస్తుంది. చిన్న ఊళ్ల బ్యాంకులు వారసుల చేతికో స్థానికుల చేతికో పోవాలంటే కొనుగోలుకు అప్పు తప్పదని ఫెడ్ ఒప్పుకుంది. ధరలో 75 శాతం దాకా అప్పు తేవచ్చు. 12 ఏళ్లలో అప్పు సొంత మూలధనంలో 30 శాతానికి తగ్గాలి, 25 ఏళ్లలో పూర్తిగా తీరాలి. అప్పు ఈక్విటీతో సమానమయ్యేదాకా వాటాదారులకు డివిడెండ్ ఉండదు. ఆ కంపెనీలకు గ్రూపు స్థాయి మూలధన నిష్పత్తులు వర్తించవు, బ్యాంకుకు మాత్రం అన్నీ వర్తిస్తాయి. ఈ విధానాన్ని నేను తప్పుపట్టను. అప్పు ఉందని దాచకుండా ఒప్పుకుని, తీర్చే గడువు పెట్టడం నిజాయితీ. కానీ దాని పరిధి పెరిగిన తీరు ఆందోళన కలిగిస్తుంది. మొదట 15 కోట్ల డాలర్ల ఆస్తులున్న కంపెనీలకు, 2006లో 50 కోట్లకు, 2015లో 100 కోట్లకు, 2018లో 300 కోట్లకు. 300 కోట్ల డాలర్ల సంస్థ ఊరి బ్యాంకు కాదు.

పెద్ద బ్యాంకుల దగ్గర ఆలోచన తలకిందులైంది. 2016 చివరన వచ్చిన నిబంధన ప్రకారం అమెరికాలోని ఎనిమిది అతిపెద్ద గ్రూపుల హోల్డింగ్ కంపెనీలు మూలధనంతో పాటు దీర్ఘకాలిక బాండ్లు కూడా అమ్మాలి, రెండూ కలిపి ప్రమాద బరువుల ఆస్తుల్లో కనీసం 18 శాతం, దానిపైన రక్షణ పొర. గ్రూపు మునిగితే దివాలా పై కంపెనీ ఒక్కదానికే జరుగుతుంది, దాని బాండ్లు తుడిచిపెట్టుకుపోయి కింది బ్యాంకు తెరిచే ఉంటుందన్నది ప్రణాళిక. అంటే కాంటినెంటల్ రోజుల్లో రక్షణ పొందిన మదుపరులనే ఈసారి ముందే నష్టానికి కూర్చోబెట్టారు. ఆ బాండ్ల డబ్బు కిందికి షేర్లుగా దింపితే అది మళ్లీ డబుల్ లెవరేజే. అయినా ఇక్కడ అప్పిచ్చినవాడికి తన పాత్ర ముందే తెలుసు, అది మౌలికమైన తేడా. అయితే ఇంత పెద్ద గ్రూపులో ఈ ప్రణాళిక ఇప్పటిదాకా ఒక్కసారీ పరీక్షకు రాలేదు.

ప్రమాద బరువులతో పనిలేకుండా, మొత్తం ఆస్తుల మీద లెక్కించే నిష్పత్తిలో 2014 నిబంధన హోల్డింగ్ కంపెనీకి 5 శాతం, బీమా డిపాజిట్లున్న బ్యాంకుకు 6 శాతం పెట్టింది. బ్యాంకుకు ఎక్కువ పెట్టడంలో ఒక స్పష్టత ఉంది: నష్టం వచ్చే చోటే మూలధనం ఉండాలి. 2025 నవంబరులో దీన్ని సడలించారు. హోల్డింగ్ కంపెనీల స్థాయిలో తగ్గింది 2 శాతం లోపే. బ్యాంకుల స్థాయిలో మాత్రం 20,000 కోట్ల డాలర్లకు పైగా. ఆ డబ్బు వెంటనే వాటాదారుల జేబులోకి పోదు, పై కంపెనీ నిబంధనలు ఆపుతాయి. కానీ బ్యాంకు నుంచి గ్రూపులోని షేర్లు, బాండ్ల వ్యాపారానికి తరలవచ్చు. అది మార్కెట్లకు మేలని సమర్థించేవారు అంటున్నారు. డిపాజిటర్‌ను కాపాడే చోటు నుంచి మూలధనం కదిలించడం నాకు మంచిగా తోచలేదు.

స్విట్జర్లాండ్‌లో ఇదే జబ్బు వేరే పేరుతో వచ్చింది. క్రెడిట్ సూయిస్‌లో మాతృ బ్యాంకే విదేశీ అనుబంధ బ్యాంకుల షేర్లు పట్టుకుని ఉండేది. ఆ షేర్ల విలువ పడిపోతే మాతృ బ్యాంకు మూలధనం తరగాలి. 2017లో ఆ దేశ నియంత్రణ సంస్థ ఫిన్మా ఒక సడలింపు ఇచ్చి ఆ తరుగు వెంటనే కనిపించకుండా చేసింది. 2023లో మరో స్విస్ బ్యాంకు యూబీఎస్ క్రెడిట్ సూయిస్‌ను మింగాక, పార్లమెంటు విచారణ కమిటీ 2024 డిసెంబరు నివేదికలో ఆ సడలింపును తప్పుపట్టింది. విదేశీ అనుబంధ సంస్థల్లో పెట్టిన పెట్టుబడికి మాతృ బ్యాంకు పూర్తి సొంత మూలధనం చూపాలని 2025 జూన్‌లో స్విస్ ప్రభుత్వం ప్రతిపాదించింది. దాని ప్రకారం యూబీఎస్ సుమారు 2,600 కోట్ల డాలర్లు అదనంగా తేవాలి. ఆ బ్యాంకు గట్టిగా ప్రతిఘటిస్తోంది.

ఇక మన దేశం. ఇక్కడ చాలా గ్రూపుల్లో బ్యాంకే పైన ఉంటుంది. స్టేట్ బ్యాంకుకో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుకో బీమా కంపెనీ, మ్యూచువల్ ఫండ్ కంపెనీ కిందున్నాయి. అందుకే రిజర్వ్ బ్యాంకు మూలధనాన్ని బ్యాంకు ఒక్కదానికీ, గ్రూపు మొత్తానికీ విడిగా లెక్కించమంటుంది. బాసెల్ 8 శాతం కనీసం అంటే ఇక్కడ 9, రక్షణ పొరతో 11.5. అనుబంధ సంస్థల్లో పెట్టిన ఈక్విటీని బ్యాంకు తన మూలధనంలోంచి తీసేయాలి. ఒకే రూపాయి బ్యాంకులోనూ బీమా కంపెనీలోనూ రెండుసార్లు కనిపించకుండా ఇది జాగ్రత్త.

బ్యాంకు పైన కంపెనీ పెట్టే పద్ధతిని మనవాళ్లు ఆలస్యంగా, కానీ జాగ్రత్తగా తెచ్చారు. శ్యామలా గోపీనాథ్ అధ్యక్షతన కమిటీ 2011లో హోల్డింగ్ కంపెనీ నిర్మాణాన్ని సిఫార్సు చేసింది. 2013 లైసెన్సు నిబంధనల్లో రిజర్వ్ బ్యాంకు దాన్ని తప్పనిసరి చేసింది, అదీ సొంత వ్యాపారం లేని, షేర్లు మాత్రమే పట్టుకునే కంపెనీగా. ఆ కంపెనీ తన మూలధనానికి, స్వేచ్ఛా నిల్వలకు 1.25 రెట్లు మించి అప్పు మోయకూడదంది. ఆ పరిమితి లోపల కూడా డివిడెండ్ ఆదాయంతో తీర్చగలిగినంతే తేవాలంది. అమెరికా అర్ధశతాబ్దం దెబ్బలు తిని నేర్చుకున్న పాఠం ఆ ఒక్క నిబంధనలో ఉంది. బంధన్, ఐడీఎఫ్‌సీ ఈ పద్ధతిలో 2015లో బ్యాంకులు తెరిచాయి. ఐడీఎఫ్‌సీ హోల్డింగ్ కంపెనీ 2024 అక్టోబరులో బ్యాంకులోనే విలీనమైంది.

ప్రభుత్వ బ్యాంకులకు మాతృసంస్థ ప్రభుత్వమే. ఆ ప్రభుత్వానికి మూలధన నిబంధన లేదు. ప్రభుత్వ షేర్లన్నీ ఒక పెట్టుబడి కంపెనీకి అప్పగించాలని పి.జె. నాయక్ కమిటీ 2014లో చెప్పింది, అది జరగలేదు. 2017 అక్టోబరులో 2.11 లక్షల కోట్ల రూపాయల మూలధన పథకం ప్రకటించారు, అందులో 1.35 లక్షల కోట్లు బాండ్ల రూపంలో. దాని నడక ఇది: బ్యాంకు తన దగ్గరున్న డిపాజిటర్ల డబ్బుతో ప్రభుత్వ బాండు కొంటుంది. ప్రభుత్వం ఆ డబ్బునే తిరిగి బ్యాంకులో షేర్ మూలధనంగా పెడుతుంది. అలా 2018 జనవరి కేటాయింపుల్లో ఆంధ్రా బ్యాంకుకు 1,890 కోట్లు దక్కాయి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పైపైన చూస్తే ఈ బాండ్ల పథకం అచ్చం డబుల్ లెవరేజ్: యజమాని అప్పు చేసి మూలధనం పెట్టాడు, ఆ అప్పు ఇచ్చింది కూడా ఆ బ్యాంకే. కానీ పోలిక పూర్తిగా కుదరదు. హోల్డింగ్ కంపెనీ వడ్డీ బ్యాంకు డివిడెండ్ మీద ఆధారపడుతుంది, ప్రభుత్వం వడ్డీ పన్నుల మీద. బ్యాంకు చెడినా బాండు చెడదు. కాబట్టి ఆ మూలధనం బూటకం కాదు, అయితే దాని భారం మోసింది బడ్జెట్టు, అంటే పన్ను కట్టే జనం. ఆ మాట పథకం ప్రకటించినప్పుడు ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది.

మూలధనం లెక్కే తప్పయితే ఏమవుతుందో తెలుగువాళ్లకు గుర్తుండాల్సిన సందర్భం 2004. హైదరాబాదు కేంద్రంగా 1994లో మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద జూలై 24న మారటోరియం పడింది, డిపాజిటర్ 10,000 రూపాయలకు మించి తీసుకోలేడు. దానికి రెండేళ్ల ముందు, 2002 మార్చి 31 నాటికి, ఆడిటర్లు ధ్రువీకరించిన లెక్కల్లో ఆ బ్యాంకు నికర విలువ 400.4 కోట్లు, లాభం 40 కోట్లు. అదే తేదీకి రిజర్వ్ బ్యాంకు తనిఖీలో మూలధన నిష్పత్తి సున్నా కంటే కింద ఉంది. ఒకే బ్యాంకు, ఒకే రోజు, రెండు లెక్కలు. మొండి బాకీలను మొండి బాకీలుగా ఒప్పుకోవడంలో ఉన్న తేడా అది. ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్లు బయటపడ్డారు, వాటాదారులకు ఏమీ దక్కలేదు, మిగిలిన నష్టాన్ని ఓరియంటల్ బ్యాంకు మోసింది. దాని పెద్ద యజమాని ప్రభుత్వం.

కొలతే తప్పితే శాతం ఎంత పెట్టినా ఉపయోగం లేదని ఎస్‌వీబీ మళ్లీ చూపించింది. 2022 చివరికి ఆ గ్రూపు సాధారణ ఈక్విటీ నిష్పత్తి 12 శాతం, నిబంధనల కన్నా చాలా ఎక్కువ. కానీ గడువు దాకా ఉంచుకుంటామని రాసుకున్న బాండ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్ల నష్టం లెక్కకెక్కకుండా ఉంది. గ్రూపు మొత్తం ఈక్విటీ సుమారు 1,600 కోట్లు. అమ్మకానికి ఉంచిన బాండ్ల నష్టాన్ని కూడా మూలధనంలోంచి తీసెయ్యక్కర్లేదని ఆ పరిమాణంలో ఉన్న బ్యాంకులకు 2019లో వెసులుబాటు ఇచ్చారు. మార్చి 8న పై కంపెనీ 225 కోట్ల డాలర్ల కొత్త మూలధనం తెస్తామని ప్రకటించింది. బ్యాంకుకు అండగా నిలవాలన్న సూత్రం కోరేది సరిగ్గా అదే. ఆ ప్రకటన చూసి డిపాజిటర్లు పరుగెత్తారు. అండ బ్యాంకు బాగున్నప్పుడే కిందికి దిగి ఉండాలి, కూలే రోజున మార్కెట్లోకి వెళ్లి అడుక్కుంటే అది అపాయ సూచన అవుతుంది.

ఎంత ఉండాలన్న వాదన ఇంకా తేలలేదు. ఆర్థికవేత్తలు అనాత్ అద్మతి, మార్టిన్ హెల్విగ్ 2013 పుస్తకంలో మొత్తం ఆస్తుల మీద 20 నుంచి 30 శాతం సొంత మూలధనం ఉండాలన్నారు. మినియాపొలిస్ ఫెడ్ 2016లో ప్రమాద బరువుల ఆస్తుల మీద 23.5 శాతం సూచించింది. అప్పులు ఖరీదవుతాయని బ్యాంకులు అంటాయి. 2023 జూలైలో అమెరికా అధికారులు పెద్ద హోల్డింగ్ కంపెనీల మూలధనాన్ని సుమారు 16 శాతం పెంచే ప్రతిపాదన తెస్తే బ్యాంకులు టీవీల్లో ప్రకటనలిచ్చి మరీ ఎదురించాయి. 2024 సెప్టెంబరుకు అది అతిపెద్దవాటికి 9 శాతానికి దిగింది. నేను అద్మతి వైపే మొగ్గుతాను. అయితే ఆ పెంపు అంతా పై కంపెనీ పుస్తకంలో ఆగిపోతే డిపాజిటర్‌కు సగం ఫలితమే.

మన దగ్గర పారిశ్రామిక సంస్థలకు బ్యాంకు లైసెన్సు ఇవ్వవచ్చని రిజర్వ్ బ్యాంకు అంతర్గత బృందం 2020 నవంబరులో సూచించింది. మరుసటి ఏడాది చాలా సిఫార్సులు ఒప్పుకున్న రిజర్వ్ బ్యాంకు దాన్ని మాత్రం ఒప్పుకోలేదు. ఆ తలుపు ఎప్పుడైనా తెరిస్తే, సిమెంటు, రోడ్లు, విద్యుత్తు వ్యాపారాల అప్పులున్న గ్రూపు పైన, బ్యాంకు కింద ఉంటుంది. అప్పుడు 1.25 రెట్ల పరిమితిని సడలించమన్న ఒత్తిడి తప్పకుండా వస్తుంది. దాన్ని కదిలించకూడదు. దానికి ఇంకొకటి చేర్చాలి: ప్రతి మూడు నెలలకు బ్యాంకు ప్రకటించే మూలధన నిష్పత్తి పక్కనే, హోల్డింగ్ కంపెనీ అప్పు ఎంతో, దాని మీద వడ్డీకి బ్యాంకు డివిడెండ్‌లో ఎంత పోతోందో అదే పేజీలో వేయాలి.